అమెరికాలో ట్రావెల్ ట్రైలర్‌కి ఇన్సూరెన్స్ ఎంచుకోవడం – నా అనుభవం

ట్రావెల్ ట్రైలర్‌కి, అంటే కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇంటికి, ఇంజిన్ ఉండదు కదా, లాగే బండికి ఉన్న ఇన్సూరెన్సే సరిపోతుందనే మాట ట్రైలర్ కొనే ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు చెబుతారు. అందులో సగమే నిజం. లాగుతున్నప్పుడు మన ట్రైలర్ వేరేవాళ్ల కారునో మనిషినో గుద్దితే, ఆ నష్టానికి సాధారణంగా లాగే బండి లయబిలిటీయే, అంటే అవతలివాళ్ల నష్టానికి డబ్బు ఇచ్చే కవరేజీయే, జవాబుదారీ. అదే ప్రమాదంలో మన ట్రైలర్ నుజ్జయితే మాత్రం, దాన్ని పాలసీలో విడిగా రాయించి ఉండకపోతే ఒక్క డాలరు కూడా రాదు. నేను ఇన్సూరెన్స్ ఎంచుకోవడం మొదలుపెట్టింది ఈ తేడా దగ్గరే. ప్రీమియం ఎంత అన్నది అన్నిటికంటే చివర అడిగాను. ముందు ప్రీమియం అడిగితే ఏజెంట్ అన్నిటికంటే తక్కువ కవరేజీ ఉన్న కోట్, అంటే ధర అంచనా, ఇస్తాడు, మన ఆలోచనంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

కోట్లు తెప్పించేముందు ఇంట్లో ఉన్న రెండు పాలసీలు బయటికి తీయాలి. ఒకటి కారుది, ఇంకోటి ఇంటిది లేదా అద్దెకుండేవాళ్ల రెంటర్స్ పాలసీ. ఎవరికి, దేనికి, ఎంత కవరేజీ అని రాసి ఉండే రెండు పేజీల డిక్లరేషన్స్ చాలదు. నలభై యాభై పేజీల పూర్తి పాలసీ పుస్తకం కావాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే పీడీఎఫ్ దొరుకుతుంది, లేదంటే ఏజెంట్‌ని అడిగితే పంపాలి.

కారు పాలసీలో మన బండి నష్టం గురించి చెప్పే భాగం చూడండి. దేశంలో చాలా కంపెనీలు ఐఎస్‌ఓ (ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్) అనే సంస్థ రాసిన నమూనా పాలసీని యథాతథంగానో కాస్త మార్చో వాడతాయి. ఆ నమూనాలో మూడు విషయాలు ట్రైలర్ ఉన్నవాళ్లకి ముఖ్యం. మొదటిది, డిక్లరేషన్స్‌లో పేరు లేని సొంత ట్రైలర్‌కి జరిగిన నష్టం మినహాయింపు కిందికి వస్తుంది, అంటే దానికి డబ్బు రాదు. పాలసీ నడుస్తుండగా కొత్తగా కొన్నదైతే, యజమాని అయిన 14 రోజుల్లోపు చేర్చమని అడిగితే ఆ మినహాయింపు వర్తించదు. ఈ 14 రోజులను గడువుగా చూడకండి. డీలర్ యార్డు నుంచి బయటికి లాగేముందే కవరేజీ మొదలై ఉండాలి, ఎందుకంటే ఆ మొదటి ప్రయాణంలోనే మలుపులు తెలియక స్తంభానికి రాసుకునేది. రెండోది, జాబితాలో లేని ట్రైలర్‌లోని వంట, ప్లంబింగ్, ఫ్రిజ్ సామగ్రికీ, నీడకి బయట పరిచే గుడ్డ పందిరి ఆనింగ్‌కీ కవరేజీ లేదు. మూడోది, మీది కాని ట్రైలర్‌ని, అంటే స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నదాన్ని లాగుతూ పాడుచేస్తే ఇచ్చే గరిష్ఠం 1,500 డాలర్లు. ముప్పై వేల ట్రైలర్‌ని అరువు తెచ్చుకునేవాళ్లకి ఈ అంకె ముందే తెలియాలి.

ఇంటి పాలసీలోనూ దాదాపు అలాంటి గోడే ఎదురవుతుంది. ఐఎస్‌ఓ నమూనా ఇంటి పాలసీ పడవకి సంబంధించని ట్రైలర్లన్నిటికీ కలిపి 1,500 డాలర్ల పరిమితి పెడుతుంది. పైగా ఇంటి ఆవరణ బయట ట్రైలర్ దొంగతనానికి గురైతే ఆ పరిమితి కూడా అందదు. స్టోరేజ్ యార్డులో పెట్టి ఇంటి పాలసీ ఉంది కదా అనుకుంటే, ఉన్నది కేవలం ధైర్యం. ట్రైలర్ లోపల ఉన్న బట్టలు, ల్యాప్‌టాప్, గిన్నెల లెక్క వేరు. అవి వ్యక్తిగత వస్తువులు కాబట్టి ఇంటి పాలసీ వాటికి కొంతవరకూ పనికొస్తుంది, కాని ఇంటి డిడక్టబుల్, అంటే ముందుగా మన జేబులోంచి పోయే మొత్తం, పడుతుంది. ఆ క్లెయిమ్ ఇంటి చరిత్రలోకి ఎక్కుతుంది కూడా.

ఈ రెండూ చదివాక ఒక కాగితం మీద మూడు నిలువు వరసలు గీసుకున్నాను: రోడ్డు మీద బండి వెనక కొక్కెం లాంటి హిచ్‌కి తగిలించి ఉన్నప్పుడు, క్యాంప్‌గ్రౌండ్‌లో విప్పి మనుషులు లోపల ఉన్నప్పుడు, ఎవరూ లేకుండా స్టోరేజ్‌లో ఉన్నప్పుడు. ఒక్కో వరసలో ఏమేం జరగొచ్చో రాసి, ఉన్న పాలసీల్లో ఏది డబ్బు ఇస్తుందో పక్కన రాశాను. ఖాళీగా మిగిలిన గడులే కొనాల్సిన కవరేజీలు. ఏజెంట్‌తో మాట్లాడేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే సంభాషణ అతని స్క్రిప్టు ప్రకారం కాక మన అవసరం ప్రకారం నడుస్తుంది.

ఇక్కడ రెండు దారులు ఉంటాయి. మొదటిది, కారు పాలసీలోనే ట్రైలర్‌ని ఇంకో వాహనంలా చేర్చించడం. చవక, ఐదు నిమిషాల పని. దీనిలో సాధారణంగా కొలిజన్ (గుద్దుకున్న నష్టం), కాంప్రెహెన్సివ్ (దొంగతనం, నిప్పు, వడగళ్ల లాంటివి) మాత్రమే వస్తాయి. పాతదయ్యేకొద్దీ తగ్గే విలువ ప్రకారమే చెల్లింపు. రెండోది, విడిగా ఆర్వీ, అంటే ఇల్లులాంటి ప్రయాణ వాహనాల, పాలసీ. ఇందులో విలువ కట్టే పద్ధతి ఎంచుకోవచ్చు, లోపలి సామాన్లకి, క్యాంప్‌గ్రౌండ్ లయబిలిటీకి, దారిలో చిక్కుకుంటే హోటల్ ఖర్చుకి చోటుంటుంది. నా ఉద్దేశంలో పది వేల డాలర్ల లోపు పాత పాప్-అప్‌కీ (మడిచి తెరిచే ట్రైలర్), అప్పు లేని చిన్న టియర్‌డ్రాప్‌కీ (నీటిబొట్టు ఆకారంలో ఉండేది) మొదటి దారి చాలు. అప్పు మీద కొన్న కొత్త ట్రైలర్‌కి రెండోదే. మధ్యలో ఉన్నవాళ్లు రెండు కోట్లూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేను వెచ్చించింది విలువ కట్టే పద్ధతి మీద. మిగతావన్నీ సరిగ్గా ఎంచుకుని ఇది తప్పితే మొత్తం తప్పినట్టే. నాలుగు పద్ధతులు ఉన్నాయి, వాటిని ఒకే ఉదాహరణ మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 42,000 డాలర్లకి కొత్త ట్రైలర్ కొన్నారనుకుందాం. మూడేళ్లయింది. ఇప్పుడు దాని మార్కెట్ విలువ 27,000. అదే తరగతి కొత్తది కొనాలంటే 48,000. బ్యాంకుకి ఇంకా 33,000 బాకీ. డిడక్టబుల్ 500. ట్రైలర్ పూర్తిగా కాలిపోయింది.

యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే ఇప్పటి మార్కెట్ విలువ, పద్ధతిలో డిడక్టబుల్ పోగా వచ్చేది 26,500. అది నేరుగా బ్యాంకుకి పోతుంది, చేతిలో ట్రైలర్ లేకుండా మిగతా 6,500 మీరు కట్టుకోవాలి. స్టేటెడ్ వాల్యూ అనేది అందరినీ తికమక పెట్టేది. పాలసీ మీద 42,000 అని అచ్చుగుద్ది ఉంటుంది, దాని ప్రకారమే ప్రీమియం కడతారు. షరతు మాత్రం రాసిన మొత్తం, మార్కెట్ విలువ, రెండిట్లో ఏది తక్కువైతే అది. కాబట్టి మళ్లీ 26,500 చుట్టుపక్కలే. అగ్రీడ్ వాల్యూలో మీరూ కంపెనీ ముందే ఒక మొత్తానికి ఒప్పుకుంటారు, పూర్తి నష్టమైతే బేరం లేకుండా అదే ఇస్తారు. పాత ఎయిర్‌స్ట్రీమ్ బ్రాండ్ ట్రైలర్‌ని బాగుచేయించుకున్నవాళ్లకి ఇదే సరైన దారి, ఎందుకంటే మార్కెట్ ధరల పుస్తకాల్లో ఆ పనితనానికి విలువ ఉండదు. టోటల్ లాస్ రీప్లేస్‌మెంట్‌లో అదే తరగతి కొత్త ట్రైలర్‌కి ఎంతవుతుందో అంత ఇస్తారు, అంటే పై ఉదాహరణలో 48,000 లెక్క.

వినడానికి చివరిదే గొప్పగా ఉంటుంది, కాని దానికి షరతులు ఎక్కువ. చాలా కంపెనీలు కొత్తగా కొన్న మొదటి యజమానికే ఇస్తాయి. ట్రైలర్‌కి మొదటి కొన్నేళ్లు, తరచుగా ఐదు మోడల్ ఏళ్ల వరకే కొత్తది ఇస్తాయి, ఆ తర్వాత మీరు కొన్న ధరకి మారుతుంది. కొన్నిచోట్ల నిజంగా కొత్తది కొంటేనే పూర్తి మొత్తం, డబ్బు తీసుకుని వదిలేస్తానంటే మార్కెట్ విలువే. ఇవన్నీ పాలసీ భాషలో ఉంటాయి, బ్రోచర్లో ఉండవు. నేను ఏజెంట్లని ఈమెయిల్‌లో అడిగిన ప్రశ్నలు ఇవి: ఐదేళ్లు లెక్కించేది కొన్న తేదీ నుంచా, మోడల్ ఇయర్ నుంచా? గత ఏడాది మోడల్‌ని డీలర్ యార్డులో కొత్తదిగా కొంటే మొదటి యజమాని కిందికి వస్తానా? కొన్న ధర అంటే అమ్మకపు పన్ను, డీలర్ చేర్చిన హిచ్, సోలార్ కలిపా, విడిగానా? అదే మోడల్ తయారీ ఆగిపోతే పోల్చదగినది ఎవరు నిర్ణయిస్తారు? ఫోన్‌లో చెప్పిన జవాబుకి బలం లేదు. ఈమెయిల్‌లో వచ్చిన జవాబుని పాలసీతో పాటు దాచుకోవాలి.

ఇంకొక విషయం చాలామంది వదిలేస్తారు. టోటల్ లాస్ రీప్లేస్‌మెంట్ అన్నది పూర్తి నష్టానికే. చెట్టు కొమ్మ పడి పైకప్పు చిరిగితే అది పాక్షిక నష్టం. అక్కడ ఆనింగ్ గుడ్డ, టైర్లు, బ్యాటరీలు, రబ్బరు కప్పు లాంటి అరిగే వస్తువులకి తరుగుదల పట్టుకుంటారా, పూర్తి కొత్త ధర ఇస్తారా అన్నది వేరే ప్రశ్న. కొన్ని పాలసీలు కప్పుకి విడిగా అదనపు కవరేజీ అమ్ముతాయి. ట్రైలర్ పొడవునా కప్పు వేయించడం చిన్న ఖర్చు కాదు కనుక ఆ కోట్ అడిగి చూడటం మంచిది.

ట్రైలర్లు కారు కంటే తొందరగా టోటల్ (బాగుచేయడం గిట్టని పూర్తి నష్టం) అవుతాయి. దానికి కారణం కట్టే పద్ధతి. లామినేటెడ్ గోడల్లో ఫైబర్‌గ్లాస్ పొర, లోపలి ప్లైవుడ్, ఫోమ్ జిగురుతో ఒకే పలకగా ఉంటాయి. ఒక మూల చిరిగితే ఆ ముక్క మాత్రమే మార్చడం కుదరదు, తరచూ పూర్తి పలక ఫ్యాక్టరీ నుంచి తెప్పించాలి. రవాణా, పనివాళ్ల గంటలు కలిపితే అంచనా మార్కెట్ విలువ దాకా వెళ్తుంది. అప్పుడు నష్టం అంచనా వేసే అడ్జస్టర్ బాగుచేయించడం మానేసి టోటల్ అంటాడు. గోడ మీద రెండడుగుల చిరుగుతో కూడా మొత్తం ట్రైలర్ పోవచ్చు కాబట్టే విలువ కట్టే పద్ధతికి అంత ప్రాధాన్యం ఇవ్వమంటున్నాను.

లయబిలిటీ సంగతి. ట్రైలర్ పాలసీలో రోడ్డు లయబిలిటీ ఉండకపోతే కంగారు పడక్కర్లేదు, అది లాగే బండిది. చూడాల్సింది ఆ బండి మీద ఎంత ఉందో. ఏడు వేల పౌండ్ల బరువు వెనక వేసుకున్నప్పుడు ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది, గుద్దితే తగిలే దెబ్బా పెరుగుతుంది. రాష్ట్ర చట్టం అడిగే కనీస లయబిలిటీ చాలదు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి కనీసం ఒక మనిషి గాయానికి 30,000, ప్రమాదం మొత్తం గాయాలకి 60,000, ఆస్తినష్టానికి 15,000 డాలర్లు. అంతకుముందు ఆస్తినష్టానికి కనీసం 5,000 మాత్రమే. ఈ రోజుల్లో ఒక కారు ముందుభాగం బాగుచేయించడానికే ఆ 5,000 చాలడం కష్టం. నేను 250,000, 500,000, 100,000 పెట్టుకున్నాను. మిగతా పాలసీల పరిమితి అయిపోయాక ఆదుకునే అంబ్రెల్లా పాలసీ ఇచ్చే కంపెనీలు దాని కింద ఉండాలని సాధారణంగా అడిగేది కూడా దాదాపు అంతే. అంబ్రెల్లా ఇప్పటికే ఉంటే ట్రైలర్ కొన్నట్టు ఆ కంపెనీకి కూడా తెలియజేయాలి, కొన్ని చోట్ల జాబితాలో చేర్చాలి.

పై అంకెల్ని తిప్పి చూస్తే కొలిజన్ ఎందుకో కూడా తెలుస్తుంది. తప్పు అవతలివాడిది, వాడి ఆస్తినష్టం పరిమితి 15,000. వాడు వెనక నుంచి గుద్దితే మన ట్రైలర్, ఎస్‌యూవీ రెండూ దెబ్బతింటాయి. ఆ 15,000 రెండిటికీ కలిపే. మిగతాది వాడి జేబులోంచి రాబట్టడం కోర్టుల్లో తిరిగితే తప్ప కాదు. మన కొలిజన్ ఉంటే మన కంపెనీ ఇచ్చేసి, తర్వాత వాడితో తేల్చుకుంటుంది.

బరువు గురించి ఒక్క మాట, ఇది ఇన్సూరెన్స్ అవతల కనిపించినా సంబంధం ఉంది. డ్రైవర్ తలుపు పక్క పసుపు-తెలుపు స్టిక్కర్ మీద మనుషులూ సామానూ కలిపి ఎంత మోయొచ్చో పౌండ్లలో ఉంటుంది. ట్రైలర్ ముక్కు బరువు, అంటే హిచ్ మీద పడేది, ఆ లెక్కలోంచే పోతుంది. మొత్తం ట్రైలర్ బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. 7,000 పౌండ్ల ట్రైలర్ అంటే 700 నుంచి 1,050. ఐదుగురు మనుషులు, వెనక డిక్కీ సామాను చేరితే చాలా ఎస్‌యూవీలకి పరిమితి దాటిపోతుంది. ట్రక్ స్టాప్‌లలో ఉండే క్యాట్ స్కేల్ మీద తూయించి ఆ చీటీ ఫైల్లో పెట్టుకోండి. ప్రమాదం తర్వాత అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. పరిమితి దాటి లాగారని తేలితే నిర్లక్ష్యం నిరూపించడం వాళ్లకి సులువు.

క్యాంప్‌గ్రౌండ్ వరసలో ఉన్న పెద్ద ఖాళీ వెకేషన్ లయబిలిటీ. విప్పి నిలబెట్టిన ట్రైలర్ ఆ రెండు రోజులూ ఇల్లు లాంటిదే. పక్క సైటు పిల్లాడు మెట్టు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకోవచ్చు, గాలికి ఆనింగ్ ఎగిరి పక్కవాడి ట్రక్కు అద్దం పగలగొట్టొచ్చు, మన పొయ్యి నిప్పు రవ్వ వాళ్ల టెంట్ మీద పడొచ్చు. చాలా ఆర్వీ పాలసీల్లో ఇది మొదట్నించే ఉంటుంది కాని 10,000 డాలర్లతో మొదలవుతుంది. అమెరికాలో ఎమర్జెన్సీ రూమ్ బిల్లు తెలిసినవాళ్లకి ఆ పదివేలు ఎంతవరకూ వస్తాయో చెప్పక్కర్లేదు. దీన్ని 300,000 దాకా పెంచడానికి పట్టే అదనపు ప్రీమియం, వచ్చే రక్షణతో పోలిస్తే చాలా తక్కువ. నేను మొదట పెంచింది దీన్నే. ఇంటి పాలసీలోని లయబిలిటీ కూడా కొన్ని సందర్భాల్లో పనికొస్తుంది, కంపెనీని బట్టి మారుతుంది. ఆ జవాబూ రాతలో తెప్పించుకోవాలి.

ఏడాదిలో సగానికి మించి ట్రైలర్‌లోనే ఉండేవాళ్లు, కాంట్రాక్టు ఉద్యోగం కోసం ఊళ్లు మారుతూ అందులోనే కాపురం చేసేవాళ్లు ఫుల్-టైమర్ పాలసీ తీసుకోవాలి. ఎన్ని నెలలన్న హద్దు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. వారాంతపు వాడకం అని రాసి అందులోనే కాపురం ఉంటే, క్లెయిమ్ సమయంలో అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, పాలసీయే రద్దు కావచ్చు.

లోపలి సామాన్లకి పరిమితి ఎంచుకోవడానికి ఫోన్‌తో ఒక వీడియో తీయడం చాలు. ప్రతి అరా తెరిచి, వస్తువు పేరు చెబుతూ, సీరియల్ నంబర్లు దగ్గరగా చూపిస్తూ తీయాలి. ఆ వీడియో ట్రైలర్‌లోనే ఉన్న ల్యాప్‌టాప్‌లో కాకుండా క్లౌడ్‌లో ఉండాలి. పరుపులు, దుప్పట్లు, వంట సామాను, కుర్చీలు, గ్రిల్, పిల్లల సైకిళ్లు కలిపితే అనుకున్నదానికంటే పెద్ద మొత్తం అవుతుంది. కొత్త ధర ఇస్తారా, తరుగుదల తీసి ఇస్తారా అని ఇక్కడా అడగాలి. ఈ-బైకులు, జనరేటర్, డ్రోన్ గురించి పేరుపెట్టి అడగండి. మోటారున్న వాటిని వ్యక్తిగత వస్తువుల్లోంచి తీసేసే పాలసీలు ఉన్నాయి. వెనక గ్యారేజీ ఉండే టాయ్ హాలర్ ట్రైలర్‌లో పెట్టిన ఏటీవీకి (నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) ట్రైలర్ పాలసీ వర్తించదు, దానికి దాని పాలసీ ఉండాలి.

మీరు తర్వాత బిగించినవి వేరే ఖాతా. కప్పు మీద సోలార్ పలకలు, లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్, రెండో ఏసీ, శాటిలైట్ డిష్ లాంటివి ఫ్యాక్టరీ ధరలో ఉండవు. బ్యాటరీలూ ఇన్వర్టరే కొన్ని వేల డాలర్లు తేలిగ్గా అవుతాయి. బిగించిన రోజునే రసీదు పంపి పరిమితి పెంచుకోవాలి.

ఇక మినహాయింపులు. ట్రైలర్లని నిజంగా చంపేది ప్రమాదాలు కాదు, నీళ్లు. కప్పు మీద వెంట్లు, స్కైలైట్, యాంటెన్నా చుట్టూ వేసిన సీలెంట్ ఎండకి పగులుతుంది. వెంట్రుకవాసి చీలికలోంచి దిగిన నీళ్లు గోడ లోపల నెలల తరబడి పాకుతాయి. గోడ ఉబ్బి బుడగలు కనిపించేసరికి లోపలి చెక్క కుళ్లిపోయి ఉంటుంది. ఇది నెమ్మదిగా జరిగిన అరుగుదల, నిర్వహణ లోపం కాబట్టి ఏ సాధారణ పాలసీ డబ్బు ఇవ్వదు. వడగళ్లు కొట్టి కప్పు చిరిగి, అదే వానలో నీళ్లు లోపలికి వస్తే మాత్రం కాంప్రెహెన్సివ్ కింద వస్తుంది. రెండిటి మధ్య తేడా నిరూపించాల్సింది మనమే. అందుకని ప్రతి మూడు నెలలకీ నిచ్చెన వేసి సీలెంట్ అంతా ఫొటో తీస్తాను. తయారీదారుల వారంటీలు కూడా చాలావరకూ 90 రోజులకోసారి చూడమనే చెబుతాయి. పగులు కనిపిస్తే కప్పు రకానికి సరిపోయే సెల్ఫ్-లెవెలింగ్ సీలెంట్ పూయాలి. సిలికాన్ వద్దు. అది రబ్బరు కప్పుకి సరిగా పట్టదు, దాని మీద ఇంకేదీ అంటుకోదు. తేదీలున్న ఆ ఫొటోలు క్లెయిమ్‌లో మన పక్షాన మాట్లాడతాయి.

ఐఎస్‌ఓ నమూనా పాలసీ అరుగుదల, గడ్డకట్టడం, యాంత్రిక లేదా విద్యుత్ లోపం, రోడ్డు వల్ల టైర్లకి జరిగే నష్టం, ఈ నాలుగిటినీ తీసేస్తుంది. చలికాలంలో పైపుల్లో నీళ్లు వదిలేసి పగిలితే గడ్డకట్టడం కిందికి వస్తుంది. వింటరైజ్ చేయడం అంటే నీటి హీటర్‌ని బైపాస్ చేసి ఖాళీ చేయడం, ట్యాంకులు ఖాళీ చేయడం, గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్‌ని ప్రతి కుళాయిలోంచీ, బయటి షవర్‌తో సహా, రంగు కనబడేదాకా పంపడం. బయటి షవర్నే ఎక్కువమంది మర్చిపోతారు. కారు రేడియేటర్లో పోసేది విషం, దాన్ని తాగునీటి పైపుల్లో వాడకూడదు.

ఆ నాలుగు మినహాయింపులూ ఆ కారణానికీ, ఆ భాగానికీ పరిమితమైన నష్టానికే. పేలిన టైరు ధర రాదు. కాని ఊడిన ట్రెడ్ కొట్టిన దెబ్బకి చక్రం పైన నేల చిరిగి, పైపులు తెగి, పక్క గోడ ఊడితే ఆ నష్టం అడగొచ్చు. క్లెయిమ్ రాసేటప్పుడు టైరునీ, టైరు వల్ల అయిన నష్టాన్నీ విడదీసి రాయండి. ట్రైలర్ టైర్లు అరగకముందే వయసుకి పాడవుతాయి. టైరు పక్కన ముద్రించిన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటినవాటితో వేసవి హైవే ఎక్కకూడదు.

ఎలుకల నష్టం విషయంలో పాలసీలు గట్టిగా తేడా పడతాయి. స్టోరేజ్‌లో శీతాకాలం ఉండే ట్రైలర్లలో వైరింగ్ కొరకడం మామూలు. కొన్ని పాలసీలు పురుగుల్నీ ఎలుకల్నీ మినహాయిస్తాయి, కొన్ని విడిగా అమ్ముతాయి. పల్లెటూళ్లలోనో పొలాల పక్కనో పెట్టేవాళ్లు అడగాలి.

దారిలో సాయం కవరేజీ కొనేముందు ఒక్కటే ప్రశ్న: బండి పాడైతే ట్రైలర్‌ని కూడా తీసుకెళ్తారా? మామూలు ఆటో ప్లాన్లు చాలావరకూ కారుని తీసుకెళ్లి ట్రైలర్‌ని హైవే పక్కన వదిలేస్తాయి. పొడవు, బరువు పరిమితులు, ట్రైలర్ టైరు మార్చడానికి వస్తారా, ఎంత దూరం దాకా ఉచితం, ఇవి కూడా చూసుకోవాలి. ఎమర్జెన్సీ ఎక్స్‌పెన్స్ అనేది వేరు. కవరేజీ ఉన్న ప్రమాదంలో ట్రైలర్ వాడలేకపోతే హోటల్, ఇంటికి ప్రయాణం ఖర్చు ఇస్తుంది. తరచుగా ఇంటి నుంచి 50 మైళ్లు దాటి ఉంటేనే.

డిడక్టబుల్ ఎంత పెట్టాలన్నదానికి భాగహారం చేస్తే చాలు. 500 నుంచి 1,000కి పెంచితే ఏడాదికి 40 డాలర్లు మిగులుతాయనుకోండి. అదనంగా మోసే 500ని 40తో భాగిస్తే పన్నెండున్నర ఏళ్లు. అన్నేళ్లు క్లెయిమ్ లేకుండా గడవాలి, లాభం లేదు. 150 మిగిలితే పెంచడమే మేలు. బ్యాంకు అప్పుంటే డిడక్టబుల్‌కి వాళ్ల గరిష్ఠం ఒప్పందంలో ఉంటుంది, ముందు అది చూడాలి.

శీతాకాలానికి కొలిజన్ ఆపేసి కాంప్రెహెన్సివ్ మాత్రం ఉంచే స్టోరేజ్ ఆప్షన్ కొన్ని కంపెనీలు ఇస్తాయి. అప్పు ఉన్నవాళ్లకి బ్యాంకు ఒప్పుకోదు. అప్పు లేనివాళ్లు వసంతంలో లాగేముందు మళ్లీ ఆన్ చేయించుకోవాలి, కాస్త తరలించడానికైనా సరే. ఫ్లోరిడా, గల్ఫ్ తీరంలో ఉండేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. తుఫాను పేరు పెట్టుకుని దగ్గరకొచ్చాక కంపెనీలు కొత్త పాలసీలు, కవరేజీ పెంపులు ఆపేస్తాయి. ఆ మార్పులేవో సీజన్ మొదలవకముందే చేసుకోవాలి.

అద్దెకివ్వడం మొదలుపెడితే వ్యక్తిగత పాలసీ ఆ కాలానికి పనిచేయదు. అద్దె ప్లాట్‌ఫామ్ ఇచ్చే కవరేజీ బుకింగ్ రోజులకే. కెనడాకి వెళ్లేటప్పుడు అమెరికా పాలసీ సాధారణంగా చెల్లుతుంది, కంపెనీని అడిగితే కెనడా కోసం లయబిలిటీ కార్డు ఉచితంగా పంపుతుంది. మెక్సికోలో అమెరికా లయబిలిటీ చెల్లదు. సరిహద్దు దాటకముందే మెక్సికో కంపెనీ పాలసీ కొనాలి, అందులో లాగే బండితో పాటు ట్రైలర్ కూడా పేరుతో ఉండాలి.

కోట్ల కోసం అందరికీ ఒకే వివరాలు పంపాలి. 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు సంఖ్య), మోడల్ సంవత్సరం, పొడవు, బయటికి జరిగే గది భాగాలు (స్లయిడ్-అవుట్లు) ఎన్ని, కొన్న ధర, బిగించిన అదనపు సామగ్రి, స్టోరేజ్ చిరునామా, ఏడాదిలో ఎన్ని రాత్రులు వాడతారో, లాగే వాళ్ల లైసెన్సులు. అడిగే పరిమితులూ డిడక్టబుల్సూ కూడా ఒకటే ఉండాలి, లేకపోతే ధరలు పోల్చలేం. ధర ఎక్కువ చెప్పిన కంపెనీ విలువ కట్టే పద్ధతిలో మెరుగ్గా ఉండటం నేను చూశాను. ఆ తేడాని పై ఉదాహరణలోలా డాలర్లలోకి మార్చి చూసుకుని దాన్నే తీసుకున్నాను.

పాలసీ చేతికొచ్చాక మొదటి పేజీలో విన్‌ని ట్రైలర్ ఫ్రేము మీదున్న దానితో ఒక్కో అక్షరం సరిచూడాలి. పేరు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్నట్టే ఉందా, భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయా, అప్పిచ్చిన బ్యాంకు లాస్ పేయీగా (నష్టం డబ్బు ముందు అందుకునేవాళ్లుగా) సరైన చిరునామాతో ఉందా, విలువ కట్టే పద్ధతి మీరు అడిగిందేనా అన్నవి అదే కూర్చోవడంలో చూసేయాలి. తప్పుంటే సవరించిన డిక్లరేషన్స్ పేజీ వచ్చేదాకా వదలకండి. ఏటా రెన్యువల్‌కి నెల ముందు మళ్లీ అదే పేజీ తెరవాలి. అగ్రీడ్ వాల్యూ ఉంటే మొత్తం మార్చాలా, టోటల్ లాస్ రీప్లేస్‌మెంట్ ఏళ్లు అయిపోయి కొన్న ధరకి మారిందా, అప్పు తీరి బ్యాంకు పేరు తీసేయొచ్చా అని చూసుకుని, అవసరమైన మార్పులు రెన్యువల్ తేదీకి ముందే పంపించేయాలి.